మీకు తెలుసా? కోతులు, కొబ్బరికాయలు, కొన్ని కొంటె లెక్కలు!

నలుగురు కూడిన చోట ఎవరో ఒకరు "ఓ లెక్క అడుగుతా, చెప్పు చూద్దాం!" అన్నారంటే చాలు, చేతిలో టీ చల్లారిపోయినా ఎవరికీ పట్టదు. ఈ సరదా మూడున్నర వేల ఏళ్ల నాటిది! ఏరి తెచ్చిన వింతలు కొన్ని ఇవిగో. వరుస అక్కర్లేదు, ఎక్కడ కన్ను పడితే అక్కడ మొదలుపెట్టండి.

● ఒక హారంలో ఎన్ని ముత్యాలు ఉండొచ్చు? వందా? వెయ్యా? మహావీరాచార్యుడి లెక్కలోని హారానికి అక్షరాలా 1,48,608 ముత్యాలు! 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో రాసిన 'గణితసారసంగ్రహం'లో ఓ ప్రేమజంట కలహంలో హారం తెగిపోతుంది. ఆరో వంతు పాన్పు మీద, మూడో వంతు ఆమె వైపు పడతాయి. మిగిలినవాటిలో సగం, ఆపై మిగిలినవాటిలో సగం, ఇలా ఆరుసార్లు చెల్లాచెదురయ్యాక దారానికి 1,161 నిలుస్తాయి. ఒక్కో ముత్యం అర సెంటీమీటరు అనుకున్నా ఆ దారం పొడవు 743 మీటర్లు!

● అదే పుస్తకంలో అంకెలతో కట్టిన హారాలూ ఉన్నాయి! 142857143ను 7తో గుణించండి, 1000000001 వస్తుంది. 27994681ని 441తో గుణిస్తే 12345654321. ఎటునుంచి చదివినా ఒకటే!

● ఆ గణితం పద్యాల రూపంలో తెలుగులోకి కూడా వచ్చింది. సుమారు 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని 'సార సంగ్రహ గణితము'గా తెలుగు చేశాడు. తెలుగులో వెలసిన తొలి శాస్త్రగ్రంథాల్లో అదొకటి. లెక్కల పుస్తకాన్ని రాగం తీసి పాడుకున్న జాతి మనది!

● 20 అంకెల సంఖ్యను మీరు ఒక్క పద్యంలో ఇమడ్చగలరా? చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు! మల్లనదిగా చెప్పే ఓ పద్యం ఈ సంఖ్య మొత్తాన్ని మాటల్లోనే చెప్పేస్తుంది. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి వెనక్కి రాసుకుంటూ పోతే ఒక్క అంకె కూడా తప్పదు. ఇక ఆ గింజలు బియ్యపు గింజలే అయితే, నేడు ప్రపంచమంతా కలిసి పండించే లెక్కన వందల ఏళ్ల పంట కావాలి!

● ఇదే సంఖ్య కాశీలోనూ ఉంది! 1883లో ఎడువార్డ్ లూకాస్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 'హనోయ్ గోపురం' అనే ఆటబొమ్మను తెచ్చి, దానికి కాశీ గుడిలో 64 బంగారు బిళ్లలను, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, ఒక కడ్డీ నుంచి మరో కడ్డీకి మార్చే పూజారుల కథను జోడించాడు. అందుకు సరిగ్గా ఆ గింజలెన్నో అన్ని కదలికలు కావాలి. సెకనుకు ఒక బిళ్ల కదిపినా పని పూర్తయ్యేసరికి 58 వేల కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది!

● "ఓ నూరు పక్షులారా!" అని పిలిస్తే ఓ పక్షి ఏమందో తెలుసా? "మేము నూరుమందిమి కాదు. మేమెంతమందిమో అంతమంది, అందులో సగం, ఆ సగంలో సగం, వాటితో నువ్వూ కలిస్తే నూరు!" అంది. పక్షులు 36. ఎలాగంటే 36+36+18+9, ఆపైన పిలిచినవాడు ఒకడు.

● పలకా బలపం లేకుండా చేసే లెక్క ఒకటి. కొలనులో పువ్వుకొక తుమ్మెద వాలితే ఒక తుమ్మెదకు చోటు లేదు, పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు ఖాళీ. తుమ్మెదలెన్ని, పూలెన్ని? నాలుగు తుమ్మెదలు, మూడు పూలు! ఇంత చిన్న లెక్కకు ఇంత అందమైన బొమ్మ కట్టినవారికి దండం పెట్టాలి.

● లెక్కకు రెండు జవాబులు ఉంటే రెండూ రైటే! 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు 'బీజగణితం'లో ఓ కోతుల గుంపును తెచ్చాడు: ఎనిమిదో వంతును దానితోనే గుణిస్తే ఎన్నో అన్ని కోతులు వనంలో గంతులేస్తున్నాయి, మిగిలిన 12 కొండ మీద కిచకిచలాడుతున్నాయి. మొత్తం ఎన్ని? 16 అన్నా సరిపోతుంది, 48 అన్నా సరిపోతుంది!

● అర్జునుడు కర్ణుడి మీద వేసిన బాణాలు ఎన్ని? మహాభారతంలో వెతక్కండి, 'లీలావతి'లో చూడండి! సగం బాణాలు కర్ణుడి బాణాలను ఆపాయి, మొత్తం సంఖ్య వర్గమూలానికి నాలుగు రెట్లు గుర్రాలను పడగొట్టాయి, ఆరు శల్యుడికి తగిలాయి, మూడు గొడుగునూ జెండానూ వింటినీ తుంచాయి, ఒకటి తల నరికింది. 50, 40, 6, 3, 1... లెక్క సరిగ్గా 100! భాస్కరుడు 1150లో రాసిన ఈ పుస్తకాన్ని 1587లో అక్బరు ఆస్థాన కవి ఫైజీ పారసీలోకి మార్చాడు.

● ఆ పుస్తకంలోనే ఓ నెమలి గాలిలో గీసిన త్రిభుజం కూడా ఉంది! 9 మూరల స్తంభం మీద నెమలి, స్తంభం మొదట్లో పుట్ట, 27 మూరల దూరం నుంచి పుట్ట వైపు వస్తున్న పాము. రెండూ సమానంగా కదిలితే నెమలి పామును పుట్టకు 12 మూరల దూరంలో పట్టుకుంటుంది. అప్పటికి పాము పాకింది 15 మూరలు, నెమలి ఎగిరింది కూడా 15 మూరలే!

● ఓ చేత్తో కూర కలుపుతూ, పుస్తకంలోకి తొంగి అయినా చూడకుండా లెక్క చెప్పేసినవాడు ఎవరు? శ్రీనివాస రామానుజన్! 1914 డిసెంబరు, కేంబ్రిడ్జి. మిత్రుడు మహలనోబిస్ (తర్వాతి కాలంలో భారతీయ గణాంక సంస్థను స్థాపించింది ఈయనే) 'స్ట్రాండ్' పత్రిక తెచ్చి అందులోని చిక్కు లెక్క చదివాడు. వీధిలో ఒకే వరుసన 1, 2, 3 అని నంబర్లున్న ఇళ్లు. ఒక ఇంటికి ఎడమ వైపు నంబర్ల మొత్తం, కుడి వైపు మొత్తం సమానం. ఇళ్లు 50కి పైన, 500కి లోపు. ఆ ఇల్లేది? జవాబు 288 ఇళ్లలో 204వది. రెండు వైపులా మొత్తం 20,706! మహలనోబిస్ కాసేపు తంటాలు పడి ఈ ఒక్క జవాబు పట్టాడు. రామానుజన్ మాత్రం గరిటె తిప్పుతూనే, భిన్నం కింద భిన్నంగా సాగిపోయే ఒక రూపాన్ని చెప్పి రాసుకోమన్నాడు. అందులో ఈ లెక్కకున్న జవాబులన్నీ వచ్చేస్తాయి! 8 ఇళ్లుంటే 6వది, 49 ఉంటే 35వది, ఇలా అంతు లేకుండా. సరదాకి అడిగిన లెక్కకు ఇంతకన్నా గొప్ప జవాబు చరిత్రలో దొరుకుతుందా? నాకైతే అనుమానమే!

● కొబ్బరికాయల లెక్కొకటి ఓ పత్రికాఫీసును ఉత్తరాలతో ముంచేసింది! 1926లో అమెరికాలో 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' అచ్చువేసిన ఒక కథలో ఈ లెక్క ఉంది, జవాబు మాత్రం లేదు. మొదటి వారంలోనే సుమారు 2,000 ఉత్తరాలు వచ్చి పడ్డాయి. లెక్క ఇదీ: ఓ దీవిలో అయిదుగురు నావికులు, ఒక కోతి, ఓ కొబ్బరికాయల గుట్ట. రాత్రి ఒకడు లేచి, ఒక కాయ కోతికిచ్చి, మిగిలినవాటిలో అయిదో వంతు దాచుకుని పడుకుంటాడు. తర్వాత రెండోవాడు, మూడోవాడు... అయిదుగురూ అదే పని! తెల్లారాక మిగిలినవి అయిదుగురికీ సమంగా వచ్చాయి. మొదట ఎన్ని కాయలు? కనీసం 3,121! నమ్మకపోతే లెక్కపెట్టండి: 3121, 2496, 1996, 1596, 1276, 1020. ఆఖరున తలా 204.

● ఈ లెక్కకే ఇంకో రూపం ఉంది. తెల్లారి పంచేటప్పుడు కూడా కోతికి ఒకటి మిగలాలి. అప్పుడు కాయలు 15,621 కావాలి. ఇది తేలిగ్గా పట్టాలంటే గుట్టలో "మైనస్ 4" కాయలు ఉన్నాయనుకోండి! కోతికొకటి ఇస్తే మైనస్ 5, అందులో అయిదో వంతు మైనస్ 1 తీసేస్తే మళ్లీ మైనస్ 4. ఎంతమంది లేచి దాచుకున్నా గుట్ట అలాగే ఉంటుంది! ఇక 5ను ఆరుసార్లు గుణించిన 15,625 కలిపితే నిజమైన జవాబు వచ్చి వాలుతుంది. కొబ్బరికాయ లేకుండానే కొబ్బరికాయలు పంచడమంటే ఇదే!

● ప్రపంచంలో అతి పెద్ద పశువుల మంద ఎక్కడుంది? ఆర్కిమెడీస్ లెక్కలో! సూర్యదేవుడి ఆవులు, ఎద్దులు ఎన్నని అడిగే ఈ లెక్కను ఆయన ఎరటోస్తనీస్‌కు పంపాడని చెబుతారు. 1773లో జర్మనీలోని ఒక గ్రంథాలయంలో లెస్సింగ్‌కు ఇది దొరికింది. జవాబులో 2,06,545 అంకెలు! సెకనుకు ఒక అంకె చొప్పున ఆపకుండా చదివితే రెండు రోజుల తొమ్మిది గంటలకు పైగా పడుతుంది. అందుకే పూర్తి జవాబు కోసం 1965 దాకా, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం కంప్యూటర్ల దాకా ఆగాల్సి వచ్చింది.

● ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత? నవ్వొస్తోందా? 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రనోబుల్‌లో 97 మంది చిన్నపిల్లలను అడిగితే 76 మంది ఉన్న అంకెలతోనే ఏదో లెక్క కట్టి వయసు చెప్పేశారు! ఇలాంటి ప్రశ్నకు బీజం 1841లో రచయిత ఫ్లోబేర్ చెల్లెలికి సరదాగా రాసిన ఉత్తరంలో ఉంది. ప్రశ్న చదవకుండా అంకెలు మాత్రమే ఏరుకునే అలవాటు ఎంత బలమైనదో ఈ ఒక్క లెక్క పట్టిచ్చింది. బళ్లో లెక్కలు చెప్పే ప్రతి టీచరూ ఏడాదికోసారైనా ఇలాంటిదొకటి అడిగి చూడాలి.

● పిల్లల సంగతి సరే, పెద్దలో? బ్యాటూ బంతీ కలిపి 110 రూపాయలు, బంతి కన్నా బ్యాటు 100 రూపాయలు ఎక్కువ. బంతి ధరెంత? "పది!" అన్నారా? జవాబు అయిదు! ఈ తరహా ప్రశ్నకు హార్వర్డ్, ఎమ్ఐటీ, ప్రిన్స్‌టన్ విద్యార్థుల్లోనూ సగానికి పైగా తప్పు చెప్పారని నోబెల్ గ్రహీత డేనియల్ కానమన్ రాశాడు.

● 17 ఏనుగులను ఏ ఏనుగునూ కోయకుండా సగం, మూడో వంతు, తొమ్మిదో వంతుగా పంచవచ్చు! పొరుగింటి ఏనుగును ఒకదాన్ని తెచ్చి 18 చేస్తే 9, 6, 2 వస్తాయి. మొత్తం 17 కాగా, తెచ్చిన ఏనుగు ఇంటికి పోతుంది. కిటుకేమిటంటే, ఆ మూడు వాటాలూ కలిపితే పూర్తి ఒకటి కాదు, 18లో 17 వంతులే.

● 7 ఇళ్లు, ఇంటికి 7 పిల్లులు, పిల్లికి 7 ఎలుకలు, ఎలుకకు 7 కంకులు, కంకికి 7 కుంచాల ధాన్యం. అన్నీ కలిపితే 19,607! ఇది ఈజిప్టులో ఆమోస్ అనే లేఖకుడు సుమారు క్రీ.పూ. 1550లో రాసిన లెక్క. రెండు వేల ఏడొందల ఏళ్ల తర్వాత, 1202లో, ఇటలీలో ఫిబొనాచి పుస్తకంలో ఇలాంటిదే మరొకటి కనిపిస్తుంది: రోముకు పోతున్న ఏడుగురు ముసలమ్మలు, వాళ్ల కంచరగాడిదలు, సంచులు, రొట్టెలు, కత్తులు, ఒరలు. ఈసారి మొత్తం 1,37,256!

● సమాధి మీద కూడా లెక్కే! గ్రీకు గణితజ్ఞుడు డయోఫాంటస్ జీవితంలో ఆరో వంతు బాల్యం, పన్నెండో వంతు తర్వాత గడ్డం, మరో ఏడో వంతు తర్వాత పెళ్లి, అయిదేళ్లకు కొడుకు. కొడుకు తండ్రి ఆయుష్షులో సగమే బతికాడు, ఆపై నాలుగేళ్లకు తండ్రీ పోయాడు. అయితే ఆయన బతికింది? 84 ఏళ్లు.

● వంద నాణేలకు వంద కోళ్లు కొనాలి. పుంజు 5, పెట్ట 3, మూడు పిల్లలు కలిపి 1. 5వ శతాబ్దపు చైనా లెక్క ఇది! 4 పుంజులు, 18 పెట్టలు, 78 పిల్లలు కొనండి. లేదా 8, 11, 81. లేదా 12, 4, 84. గమనించారా? పుంజులు నాలుగు పెరిగినప్పుడల్లా పెట్టలు ఏడు తగ్గి, పిల్లలు మూడు పెరుగుతున్నాయి!

● చైనాదే ఇంకోటి: కోళ్లూ కుందేళ్లూ కలిపి తలలు 35, కాళ్లు 94. అన్నీ రెండేసి కాళ్లు పైకెత్తాయనుకోండి, 70 పోతాయి! నేల మీద మిగిలిన 24 కాళ్లూ కుందేళ్లవే, అంటే కుందేళ్లు 12, కోళ్లు 23.

● పులి, మేక, గడ్డిమోపు ఏరు దాటే కథ యూరప్‌లో తోడేలు, మేక, క్యాబేజీగా 1,200 ఏళ్ల నాటి పుస్తకంలోనే ఉంది! షార్లెమేన్ చక్రవర్తి కొలువులోని పండితుడు ఆల్కుయిన్ పేరిట నిలిచిన ఆ సంకలనంలో కూడా పడవ ఏడుసార్లు ఏరు దాటాలి. పాపం, మేక ఒక్కటే మూడుసార్లు పడవెక్కాలి!

● ముగ్గురు స్నేహితులు తలా పది వేసి హోటల్లో 30 రూపాయలిచ్చారు. బిల్లు 25. తిరిగొచ్చిన అయిదులో తలా ఒకటి తీసుకుని, రెండు కుర్రాడికిచ్చారు. తలా తొమ్మిది చొప్పున 27, కుర్రాడి 2, మొత్తం 29. మరి ఆ రూపాయి ఏది? ఎక్కడికీ పోలేదు! కుర్రాడి రెండు రూపాయలు ఆ 27లోనే ఉన్నాయి, మళ్లీ కలపడమే మోసం.

● వంద కిలోల పుచ్చకాయల్లో 99 శాతం నీరే. ఎండకు అది 98 శాతానికి తగ్గింది. ఇప్పుడు బరువు ఎంత? 99 కిలోలా? కాదు, 50! నీరు కానిది ఒక కిలోనే, అది ఇప్పుడు మొత్తంలో రెండు శాతం అయింది మరి.

● భూమి నడుం చుట్టూ 40 వేల కిలోమీటర్ల తాడు బిగించి, దానికి ఒక్క మీటరు జోడించండి. చుట్టూరా ఎంత ఖాళీ వస్తుంది? దాదాపు 16 సెంటీమీటర్లు! నిమ్మకాయ చుట్టూ కట్టిన తాడుకు మీటరు జోడించినా ఖాళీ అంతే.

● రెండు క్రికెట్ జట్ల ఆటగాళ్లు, వాళ్లతో ఒక అంపైరు: 23 మంది. వాళ్లలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే! 23 మందిలో జంటలు 253 ఉంటాయి కాబట్టి. 57 మంది చేరితే ఆ అవకాశం 99 శాతం.

● పుట్టినరోజు గురించే ఇంకో లెక్క 2015లో సింగపూర్ నుంచి ప్రపంచమంతా చుట్టేసింది. షెరిల్ కొన్ని తేదీల జాబితా ఇచ్చి, తన పుట్టినరోజు నెలను ఒక మిత్రుడికి, తేదీని మరో మిత్రుడికి చెబుతుంది. "నాకు తెలియదు, నీకూ తెలియదని నాకు తెలుసు" అన్న ఒక్క మాటతో చిక్కుముడి విడిపోవడం మొదలై జులై 16 దగ్గర ఆగుతుంది!

● మూడు తలుపులు, ఒకదాని వెనక కారు, రెండింటి వెనక మేకలు. మీరు ఒక తలుపు ఎంచుకున్నాక, కారెక్కడుందో తెలిసిన నిర్వాహకుడు ఇంకో తలుపు తీసి మేకను చూపిస్తాడు. అప్పుడు మీ తలుపు మార్చుకుంటే గెలిచే అవకాశం రెట్టింపు! 1990లో మెరిలిన్ వాస్ సావంట్ పత్రికలో ఇది రాస్తే సుమారు 10,000 ఉత్తరాలొచ్చాయి. "నువ్వు తప్పు" అన్నవారిలో డాక్టరేట్లు ఉన్నవాళ్లూ వందల్లో ఉన్నారు. తప్పు వాళ్లదే!

● నిద్రపట్టని రాత్రుల్లో మీరేం చేస్తారు? 'ఆలిస్' కథల రచయిత లూయిస్ కారల్ పడక మీదే కళ్లు మూసుకుని లెక్కలు కట్టేవాడు! 1893లో వాటిని పుస్తకంగా వేస్తే 72 అయ్యాయి.

● 40 కిలోల రాయి నాలుగు ముక్కలైతే ఏడవకండి! ముక్కలు 1, 3, 9, 27 కిలోలైతే తక్కెడ రెండు వైపులా వేస్తూ 1 నుంచి 40 దాకా ప్రతి కిలోనూ తూచేయొచ్చు. రెండు కిలోలా? ఒక వైపు 3, సరుకు వైపు 1.

● ఏ నాలుగంకెల సంఖ్యయినా తీసుకోండి, అంకెలన్నీ ఒకటే కాకూడదు, అంతే. పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి తీసివేస్తూ పోతే ఏడు అడుగుల్లోపే 6174కు చేరతారు! 1947తో చూడండి: 8262, 6354, 3087, 8352, 6174. దీన్ని పట్టింది నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్.

● అక్షరానికో అంకె పెట్టి చేసే కూడిక తెలుసా? 1924లో ఇంగ్లండులో డ్యూడెనీ వేసిన 'సెండ్, మోర్, మనీ' అన్నింట్లోకీ ప్రసిద్ధం: 9567+1085=10652. మన అక్షరాలతోనూ చక్కగా కుదురుతుంది! ఇదిగో: మామ + మామ + మామ = ఓమామ. మా, మ, ఓ మూడూ వేర్వేరు అంకెలు. జవాబు ఒక్కటే: 50+50+50=150!

● లెక్క విప్పడం కన్నా కట్టడం తేలిక! ముందు జవాబు పెట్టుకుని, వెనక్కి కథ అల్లాలి. నూరు పక్షుల లెక్కే తీసుకోండి. నాలుగుతో భాగించబడే సంఖ్య ఏదైనా ఎంచుకోండి. 4 అయితే 4+4+2+1+1, మొత్తం 12. 8 అయితే 23. 16 అయితే 45. పక్షుల బదులు మీ వీధి పిల్లలను, పెళ్లికొచ్చిన చుట్టాలను, సంతలో మామిడికాయలను పెట్టండి. స్నేహితుడి పేరు లెక్కలో పడిందంటే వాడు జవాబు దొరికేదాకా వదలడు!

● టాల్‌స్టాయ్ నవలలే కాదు, లెక్కలూ ఇష్టపడేవాడు! ఆయన మెచ్చినదిగా పేరుపడ్డ లెక్క ఇది. గడ్డి కోసేవాళ్ల జట్టుకు రెండు బీళ్లు, పెద్దది చిన్నదానికి రెట్టింపు. పొద్దుటి పూట అంతా పెద్ద బీడులోనే కోశారు. మధ్యాహ్నం నుంచి సగం మంది అక్కడే ఉండి సాయంత్రానికి పూర్తిచేశారు. మిగతా సగం చిన్న బీడులో కోస్తే సాయంత్రానికి కొంత ముక్క మిగిలింది. మర్నాడు ఒక్కడే రోజంతా కోసి దాన్ని ముగించాడు. జట్టులో ఎంతమంది? జవాబు ఇక్కడ చెప్పేది లేదు! సూత్రాలు పక్కన పెట్టి, బీళ్ల బొమ్మ గీసుకుని చూడండి. తేలగానే పక్కవాళ్లను అడగండి.